మెట్లకు ఎడమవైపు నాలుగో కిటికీ

మొన్న ట్యూషన్‌లో ఒక పిల్ల మీద విరుచుకుపడ్డాను. పాపం, అది అడిగింది పెద్ద నేరమేమీ కాదు. దుర్భిణి పాఠం చెబుతున్నాను. ముందరి అద్దం ఫోకస్ దూరాన్ని కంటి అద్దం ఫోకస్ దూరంతో భాగించండి, వస్తువు ఎన్ని రెట్లు పెద్దగా కనబడుతుందో వస్తుంది, జవాబు ముందు మైనస్ గుర్తు మాత్రం మరవకండి అన్నాను. ఆ పిల్ల చెయ్యెత్తి, "టీచర్, మైనస్ ఛోడ్ దియా తో? అది పెట్టకున్నా అంకె కరెక్టే ఉంటది గదా" అంది. నేను చాక్‌పీసు బల్ల మీద విసిరికొట్టి, "అంకె కరెక్టయితే సరిపోయిందా? అంకె కరెక్టయ్యి కొంప మునిగినవాళ్లను చూశాన్నేను" అని అరిచాను. క్లాసంతా బిక్కచచ్చిపోయింది. నాకే సిగ్గేసింది. బయటికి వెళ్లి నీళ్లు తాగి వచ్చి పాఠం ముగించాను గాని, ఆ సాయంత్రం ఆరేసిన బట్టలు తేవడానికి కూడా మేడ ఎక్కబుద్ధి కాలేదు. మేడ ఎక్కితే కాకా గుర్తొస్తాడు.

కాకా మాకు చుట్టం కాదు. సూరత్‌లోని గోడాదరాలో మా మేడను ఆనుకుని ఉన్న మేడ మీద, రేకుల గదిలో, ఆయనా, ఆయన భార్య చిన్నమ్మా ఉండేవాళ్లు. రెండు మేడలకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం. సిరిసిల్ల వైపు నుంచి చిన్నప్పుడే సూరత్ వచ్చేసిన మనిషి. పిల్లల్లేరు. గల్లీలో అందరికీ ఆయన కాకాయే. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు, అందుకే ఇక్కడా రాయను.

ఆయనది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసే పని కాదు, నేసిన బట్టను పరీక్షించే పని. కింద ట్యూబులైటు వెలిగే బల్ల మీద బట్ట తాను లాగుతూ, ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ నూనె మరక పడింది, ఇంచికి పడాల్సినన్ని పోగులు పడ్డాయా లేదా చూసి "పాస్" అనో "వాపస్" అనో అనాలి. ఆయన నోటి నుంచి వాపస్ అనే మాట వస్తే నేసినవాడికి గుండె జారిపోయేదట. పనిముట్టు ఒకటే. పోగులు లెక్కపెట్టే చిన్న మడత భూతద్దం, పిక్ గ్లాసు అంటారు. చొక్కా జేబులోంచి తీసి బొటనవేలితో టక్కున విప్పేవాడు. కార్ఖానాలో చేస్తే సరే, బయటా అదే వరస. చాయ్ దుకాణం దగ్గర పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాడి చొక్కా అంచు పట్టుకుని, దాని మీద అద్దం పెట్టి వంగి చూసి, "ఎక్కడ గొన్నవ్ తమ్మీ? నిన్ను మంచిగ ముంచిండ్రు పో" అనేవాడు. ట్యూషన్ మొదలుపెట్టిన రోజు నేను కట్టుకున్న కొత్త చీరనూ వదల్లేదు. "కొంగు దిక్కు పోగులు పల్చగున్నయి. వాపస్" అన్నాడు. మా అమ్మకు ఒళ్లు మండి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మెల్లగా మాట్లాడటం ఆయనకు రాదు. సాంచాల మోతలో ఏళ్ల తరబడి బతికినవాళ్లెవరికీ రాదు. ఉప్పు కావాలన్నా, ఊళ్లో ఎవరో పోయారన్నా ఒకటే గొంతు. ఇంకో అలవాటు మాత్రం నాకు చిర్రెత్తించేది. మనం చెప్పేది సగం కాకముందే "సమజైంది, సమజైంది" అని చెయ్యి ఊపి వెళ్లిపోవడం. కరెంటు బిల్లులో తప్పు ఎక్కడుందో చెప్పబోతే సమజైంది. మందు భోజనం ముందా, తర్వాతా చెప్పబోతే సమజైంది. చిన్నమ్మ నవ్వేది. "గాయనకు సమజైనంత తొందరగ గీ దునియాల ఎవ్వలికి సమజ్ కాదు బిడ్డా" అనేది.

చిన్నమ్మ చీరలకు రాళ్లు అంటించే పని ఇంట్లోనే చేసేది. ఆ పనితో కుడి భుజం పట్టేసి, కుడి చెయ్యి చెవి దాటి పైకి లేచేది కాదు. దండెం మీద బట్టలు ఎడమ చేత్తోనే వేసేది. దగ్గరి పనికి కళ్లజోడు పెట్టుకునేది, ప్లస్ ఒకటి నంబరు. దూరపు చూపు మాత్రం సుబ్బరం. గల్లీ మొదట్లో కూరగాయల బండి తిరగ్గానే మేడ మీద నుంచే, వాడి బెండకాయలు ముదిరినయని చెప్పేది.

కరోనా రెండో వేవ్ వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ మోత వింటున్న నాకు, అది లేని గోడాదరా భయం పుట్టించింది. అంబులెన్స్ ఏ రోడ్డున పోతోందో, ఎక్కడ మలుపు తిరిగిందో, ఎక్కడ ఆగిందో ఇంట్లో కూచునే తెలిసిపోయేది. ఆగిన చోటు మనవాళ్లది కాకూడదని అందరం మొక్కుకునేవాళ్లం. ఒక మధ్యాహ్నం అది మా పక్క గుమ్మం ముందు ఆగింది. చిన్నమ్మ తనంతట తానే నడిచి ఎక్కింది. చెప్పులు మార్చుకుందామని వెనక్కి రాబోతే తొందర చేశారు. కళ్లజోడు రాళ్ల పళ్లెం పక్కనే ఉండిపోయింది.

ఖాడీ కాలువ అవతల కొత్తగా కట్టిన ఒక పెద్ద బిల్డింగును అప్పట్లో కరోనా వార్డు చేశారు. నడుమ అద్దాల మెట్లదారి, దానికి అటూ ఇటూ ఒకేలాంటి కిటికీల వరసలు. ఎడమ భాగాన్ని మడత పెడితే కుడి భాగం మీద కుట్టినట్టు కూర్చుంటుంది, అంత జోడు. చేర్పించిన రోజు కాకా గేటు బయట నిలబడ్డాడు. చిన్నమ్మ మూడో అంతస్తు కిటికీలోకి వచ్చింది. మెట్లకు ఎడమవైపు నాలుగోది. కాకా వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాడు. ఆ మర్నాటికి ఆ రోడ్డుకు అడ్డంగా కర్రలు కట్టేశారు.

ఆమెతో పంపిన ఫోన్ ఒక్క రోజే పలికింది. ఆ రోజు మాటలు నేను పిట్టగోడ ఇవతలి నుంచి విన్నాను. కాకా మాట్లాడితే గల్లీ మొత్తం వింటుంది మరి.

"రోజు పొద్దు వాలంగ మన మేడ మీద ఎర్ర చీర ఊపుత. నువ్వు కిటికీ కాడికి రా. చెయ్యి ఊపు."

అవతల ఆమె ఏదో అంది.

"నీకు నేను కనబడ్త. నువ్వు నాకు కనబడేటట్టు నేను ఇంతజాం చేస్త. నువ్వు జర నిలబడు, గంతే."

తర్వాత ఆ ఫోన్ మూగబోయింది. ఛార్జర్ ఇచ్చి పంపితే అందిందో లేదో తెలీదు. గేటు దాకా ఎలాగో పోయి అడిగితే, కాపలా మనిషి అందరికీ చెప్పే జవాబే చెప్పేవాడు, "ఠీక్ ఛే, జావ్." బాగానే ఉంది, పొమ్మని. కాకాకు అన్నం దిగడం మానేసింది. బతికుందా లేదా, లేచి నిలబడుతోందా లేదా, అదొక్కటే ఆయనకు కావాలి. ఆ ఒక్కటీ చెప్పే మనిషి సూరత్ మొత్తంలో లేడు.

అప్పుడు ఆయన దుర్భిణి చేశాడు.

బట్ట చుట్టే అట్టగొట్టం ఒకటి గదిలో ఉంది. దాని ఒక చివర పిక్ గ్లాసు అమర్చాడు. రెండో చివర ఏం పెట్టాలన్న దగ్గర ఆగి, పిట్టగోడ దగ్గరికి వచ్చి నన్ను కేకేశాడు. మాస్కు కట్టుకుని, దూరంగా నిలబడ్డాను.

"టీచరమ్మా, లెక్క జెప్పు. పిక్ గ్లాసు మీద పది అని రాసుంది. మీ చిన్నమ్మ అద్దం ఒకటి. పది ఒకట్ల పది. నా కండ్లజోడు అద్దం మూడు. పది మూళ్ల ముప్పై. నాదే పెట్టాలె గదా?"

"ఉల్టా కాకా. ముందర పెట్టేది ఎంత చిన్న నంబరైతే అంత మంచిది."

"గదేంది? చిన్న నంబరుకు పెద్దగ కనబడ్తదా?"

ఎండ నిలువుగా కాస్తోంది. బట్ట కొలిచే మీటరు కడ్డీ తెమ్మన్నాను. చిన్నమ్మ కళ్లజోడు అద్దాన్ని సూర్యుడికి పట్టమన్నాను. ఆయన చెయ్యి మెల్లగా పైకి లేపుతుంటే గచ్చు మీద వెలుగు మరక తగ్గుతూ తగ్గుతూ వచ్చి, చిన్న గుండీ అంతయి నిలిచింది. కడ్డీతో కొలిస్తే సరిగ్గా మీటరు. ఒకటో నంబరు అంటే మీటరు దూరంలో ఫోకస్, మూడో నంబరు అంటే మీటరులో మూడో వంతు. పిక్ గ్లాసుకు కొలత కూడా అక్కర్లేదు. దాని కాళ్ల ఎత్తే దాని ఫోకస్ దూరం, రెండున్నర సెంటీమీటర్లు. చూద్దామని ఆయన దాన్ని కూడా ఎండకు పట్టాడు. చుక్క సూదిమొనంత అయి, చేతిలో ఉన్న ఎర్ర చీర అంచు మీద పడింది. సన్నగా పొగ లేచింది. కాకా అరచేత్తో కొట్టి ఆర్పేశాడు గాని చీరకు కంత పడింది. మెట్ల మీద నిలబడి చూస్తున్న మా అమ్మ, "ఏం పనులివి? మనిషి దవాఖాన్ల ఉంటే ఆమె కళ్లజోడు ఇరగ్గొట్టుడు, ఆమె చీర కాలబెట్టుడు" అని గొణుక్కుంటూ దిగిపోయింది.

"చూడు కాకా" అన్నాను. "దుర్బీన్‌ల మనిషి పెద్దగ కాదు. మన కంటి కాడ ఆమె చేసే కోణం పెద్దగయితది. నువ్వు చెయ్యి చాపి బొటనవేలు నిలబెడితే గా బిల్డింగు మొత్తం దాని ఎన్క దాక్కుంటది. అంటే బిల్డింగు, వేలు ఒకటే కోణం. గా కోణాన్ని ఎన్ని రెట్లు చేస్తమనేదే లెక్క. ముందరి అద్దం వంద సెంటీమీటర్లు. కంటి అద్దం రెండున్నర. వందను రెండున్నరతో భాగించు."

ఆయన పెదవులు కదిలాయి. "నలభై."

"నలభై రెట్లు. నీ మూడో నంబరు పెడితే పదమూడే. ఫోన్ మ్యాపుల చూసిన, బిల్డింగు కిలోమీటరు దూరం. నలభైతో భాగిస్తే పాతిక మీటర్లు. గల్లీ గీ చివర నిలబడి గా చివర కిరాణం ముందర నిలబడ్డ మనిషిని చూసినట్టుంటది."

కాకా మొహం విప్పారింది. వార్డులో అందరికీ మాస్కులుంటాయి, ముఖం తెలియకపోవచ్చన్నాను. "కట్టు, నిలబడే తీరు తెలుస్తది గదా, చాలు" అన్నాడు. అప్పటికే గొట్టం చంకన పెట్టుకున్నాడు.

"ఆగు కాకా, ఇంకొకటుంది. జవాబుకు మైనస్ ఉంటది. అంటే బొమ్మ తలకిందులు కనబడ్తది."

"సమజైంది, సమజైంది. బట్ట తిప్పినట్టు తిప్పుకుంట."

"కుడి ఎడమలు కూడా..." అన్నాను. ఆయన గదిలోకి వెళ్లిపోయాడు. అరుద్దామా అంటే మూతికి మాస్కు, కింద అమ్మ. పోనీలే, కంటితో చూస్తే ఆయనకే తెలుస్తుందనుకున్నాను. అలా అనుకోవడం తప్పేమీ కాదని ఇప్పటికీ అంటాను. ఎవరి కంటికైనా తెలిసేదే అది, కాకా కంటికి తప్ప.

ఎందుకంటే కాకా కన్ను బట్టకు అలవాటు పడ్డ కన్ను. బట్ట తాను రెండో ముఖం చూడాలంటే పై అంచు పట్టుకుని తన వైపుకు బోర్లిస్తాడు. పై అంచు కిందికి వస్తుంది, ఎడమ అంచు ఎడమనే ఉంటుంది. జీవితమంతా రోజూ చేసిన పని. దుర్భిణి బొమ్మను అలా బోర్లించదు. బల్ల మీద పరిచిన గుడ్డను ఎత్తకుండా సగం చుట్టు తిప్పినట్టు తిప్పుతుంది. పై అంచు కిందికి, ఎడమ అంచు కుడికి. ఆ రెండో సగం ఆయన బుర్రకు ఎక్కలేదు.

మొదటి సాయంత్రం ఆయన పెట్టిన కేక మా ఇంట్లో పొయ్యి దగ్గరికి వినబడింది. "కనబడ్డది! చెయ్యి ఊపింది!" నేను మెట్లెక్కి వెళ్లేసరికి ఒక చేత్తో ఎర్ర చీర ఊపుతూ, మేడ అంచు గోడ మీద నిలిపిన గొట్టానికి ఒక కన్ను ఆనించి ఏడుస్తున్నాడు. చీర కట్టిన కర్ర అటూ ఇటూ పడిపోతోంది. నాకూ కళ్ల నీళ్లొచ్చాయి. అబద్ధమెందుకు, ఆ వారాల్లో మా మేడ మీద జరిగిన ఒకే ఒక మంచి పని అదేననుకున్నాను.

"మాస్కుంది గదా, చిన్నమ్మే అని ఎట్ల తెలిసింది?" అన్నాను.

"నాలుగో కిటికీ. కొంగు ఎడమ భుజం మీద. ఆడ ఉన్నోళ్లంత గుజరాతీ ఆడోళ్లాయె, కుడి భుజం మీదికెల్లి ముందటికి ఏసుకుంటరు. మనోళ్లే ఎడమకు ఏస్తరు. ఇంక చెయ్యి. మీ చిన్నమ్మకు కుడి చెయ్యి లేవదు. ఎడమ చెయ్యి ఊపింది. మూడు సాక్ష్యాలు, ఇంకేం గావాలె?"

నేను చూడలేదు. చూడనివ్వడు కూడా. "మూతికి గుడ్డ ఉంది, కండ్లకు లేదు గదా. నా కన్ను పెట్టినకాడ నువ్వు పెట్టద్దు బిడ్డా" అనేవాడు. మా అమ్మ మాటా అదే.

అలా రోజూ నడిచింది. పొద్దు వాలగానే ఎర్ర చీర ఊగేది. తర్వాత గల్లీకంతా వార్త వినబడేది. ఇయ్యాల జల్దీ వచ్చింది. ఇయ్యాల బాగసేపు నిలబడ్డది. రెండు మెతుకులు తినడం మొదలుపెట్టాడు. గడ్డం గీసుకున్నాడు. కింద ఎవరో పోయారని తెలిసినా, "మా ఆమె బయటపడ్తది, నేను చూస్తున్న గదా" అనేవాడు, తాను చూస్తూ ఉండటం వల్లే ఆమె బతుకుతున్నట్టు. నాకు అది నచ్చేది కాదు. ఒక రోజు, "జర ఒళ్లు చేసింది, ఆడ తిండి మంచిగ పెడ్తున్నరు" అన్నాడు. ఇంకో రోజు, "మోకాళ్ల నొప్పులు గూడ పోయినట్టున్నయి, నిట్టనిలువు నిలబడ్డది" అన్నాడు. కరోనా వార్డులో ఒళ్లు చేయడమేమిటని మా అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను.

ఒక మధ్యాహ్నం ఆయన పిట్టగోడ దగ్గర నిలబడి నవ్వుతూ పిలిచాడు.

"దవాఖాన్ల నుంచి ఫోనొచ్చింది. 'ఆప్‌కా పేషెంట్ ఆఫ్ హో గయా' అంటున్నరు. తెల్లారుగట్ల పోయిందట. పొద్దు వాలకముందు వస్తే దూరంకెల్లి మొఖం చూపిస్తరట, తర్వాత బండిల తీస్కపోతరట. పిచ్చోళ్లు. ఎవ్వలి పేరో ఎవ్వలికో చెప్తున్నరు. నిన్న పొద్దుగూకంగ నాకు చెయ్యి ఊపిన మనిషి ఎట్ల పోతది?"

"కాకా, పో. తప్పయితే తప్పని ఆడనే తేలుతది. బండి తీయి, నేను ఇంకెవరినైనా తోడు పంపుత."

"నేను పోతే నిజమైతది."

"కాకా!"

"పొద్దు వాలనీ. కిటికీల చూసినంక పోత. కనబడకుంటే పోత."

బతిమాలాను, తిట్టాను. మా అమ్మ కూడా పైకి వచ్చి, పోయి రమ్మని చేతులు జోడించింది. ఆయన గొట్టం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు, కదల్లేదు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ కోపంలోనే చిన్న ఆశ కూడా ఉంది, దాన్నీ దాచను. ఆ రోజుల్లో పేర్లు తారుమారు కావడం విన్నాం. ఒకవేళ ఆయనే నిజమైతే?

ఎండ పసుపు పచ్చబడింది. ఆయన లేచి చీర ఊపాడు. కన్ను పెట్టాడు.

"అగో! చెయ్యి ఊపుతున్నది! చెప్పలే? చూడు, నువ్వే చూడు బిడ్డా, రా!"

మొదటిసారి పిలిచాడు. శానిటైజర్ పోసి కంటి అద్దాన్ని తన అంగీ అంచుతో తుడిచాడు. నేను పిట్టగోడ దాటాను. మా అమ్మ వద్దనలేదు.

గుండ్రంలో ఒక ఆడమనిషి తలకిందులుగా వేలాడుతోంది. చెయ్యి కిందికి ఊగుతోంది. కొంగు ఉంది, కిటికీ ఉంది, దాని పక్కన ఇంకో మూడు కిటికీలు, ఆ చివర అద్దాల మెట్లు. మెట్లు బొమ్మలో నాకు కుడివైపున ఉన్నాయి. అంటే బొమ్మలో కిటికీ మెట్లకు ఎడమన ఉంది. బొమ్మలో ఎడమన ఉంటే బిల్డింగులో కుడిన ఉంటుంది. కాకా ఎడమ భుజం మీద అనుకున్న కొంగు నిజంగా కుడి భుజం మీద ఉంది. ఊగుతున్నది కుడి చెయ్యి. మూడు సాక్ష్యాలూ ఒక్క నోటితో చెప్పిన అబద్ధమే. ఆమె ఎవరో గుజరాతీ ఆమె. బొద్దుగా, నిట్టనిలువుగా, మోకాళ్ల నొప్పులు లేకుండా, ఎవరో రోజూ ఎర్రగుడ్డ ఊపుతున్నారని తనూ చెయ్యి ఊపుతోంది.

గొట్టాన్ని మెట్లకు అవతలి పక్కకు జరిపాను. నాలుగో కిటికీ తెరిచే ఉంది. కిటికీ గట్టు మీద పరుపు ఒకటి ఎండకు వేసి ఉంది.

"పాస్ గదా?" అన్నాడు వెనక నుంచి.

ఎలా చెప్పాలి? చివరికి కర్రకున్న ఎర్ర చీర విప్పి, గచ్చు మీద పరిచాను. కాలిన కంత ఎడమ అంచుకు వచ్చేలా పెట్టాను. పై అంచు పట్టుకుని ఆయన తిప్పేలాగే బోర్లించాను. కంత ఎడమనే ఉంది. మళ్లీ మొదటిలాగే పరిచి, ఈసారి ఎత్తకుండా సగం చుట్టు తిప్పాను. కంత కుడికి వచ్చింది. "దుర్బీన్ గిట్ల తిప్పుతది కాకా" అన్నాను.

బట్ట మీద చూపించినది కాకాకు రెండోసారి చెప్పక్కర్లేదు. చీర వైపు చూశాడు. ఖాడీ అవతలికి చూశాడు. గాలిలో వేలు పెట్టి మెట్ల నుంచి ఒక వైపు నాలుగు లెక్కపెట్టాడు, ఇంకో వైపు నాలుగు లెక్కపెట్టాడు. తర్వాత మెట్ల మీద ఆయన పరుగు వినబడింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఆయన చేరేసరికి బండి వెళ్లిపోయింది. ఎటు వెళ్లిందో అడిగి ఆ వెనకే పోతే, అక్కడ వరసలో ఉన్న మూటల్లో ఏది ఆమెదో చెప్పలేమన్నారట. ఏ ముఖమూ చూడకుండానే తిరిగి వచ్చాడు. ఇవన్నీ మా అమ్మతో చెప్పాడు. ఆ గొంతు మెల్లగా ఉంది. ఆయన మెల్లగా మాట్లాడగలడని మాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దు వాలాక పిట్టగోడ దగ్గరికి వచ్చాడు. గొట్టం గచ్చు మీద పడి ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

"బిడ్డా, ఒక లెక్క చెప్తవా?"

"చెప్పు కాకా."

"దుర్బీన్ లేకుంట. ఉత్త కండ్లకు. ఆమె కిటికీకెల్లి మన మేడ మీద నా చీర కనబడ్తదా?"

లెక్క చేశాను. మనిషి కంటికి ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఉంటే చాలు, వస్తువు ఉందని తెలుస్తుంది. ఊగే చీర వెడల్పు రెండు మీటర్లు, దూరం కిలోమీటరు. అంటే కావలసిన దానికి దాదాపు ఏడు రెట్లు కోణం. పైగా ఎర్ర రంగు, పైగా కదిలే గుడ్డ, పైగా చిన్నమ్మ కళ్లు. ఇదంతా ఆయనకు అర్థమయ్యేలా ఒక్కొక్కటే చెప్పాను. ఈసారి మధ్యలో ఆపలేదు.

"కనబడ్తది కాకా. మంచిగ కనబడ్తది."

"అయితే రోజూ చూసే ఉంటది. చెయ్యి గూడ ఊపే ఉంటది." ఖాడీ వైపు తిరిగి అన్నాడు, "నేను పక్క కిటికీ చూస్తున్ననని ఆమెకెట్ల తెలుస్తది? నేను చూస్తున్ననే అనుకున్నది."

ఆమె మంచం మీద నుంచి లేచి కిటికీ దాకా రాగలిగిందా అన్నది నా లెక్కలో లేదు. ఆ రోజుల్లో ఎన్ని సాయంత్రాలు లేవగలిగిందో ఎవరికీ తెలీదు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఆయన పిట్టగోడ మీద రెండు చేతులూ ఆనించి నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఇంకోపారి చెయ్యి బిడ్డా ఆ లెక్క" అన్నాడు. "జర నిమ్మలంగ."

రెండు మీటర్ల చీర, కిలోమీటరు దూరం అంటూ మళ్లీ మొదటి నుంచి చేశాను.